పది ప్రశ్నలకు నాయన జవాబులు

మా నాయన మూడో తరగతితో బడి మానేశాడు. ఆ మూడేళ్లలో ఏ పరీక్షలోనైనా గొప్పగా గట్టెక్కాడని చెప్పుకోగా నేను వినలేదు. అలాంటి మనిషి డెబ్బై దాటాక ఒక పరీక్షలో మా ఆఫీసు మొత్తానికి ఫస్టు వచ్చాడు. ప్రశ్నలు అడిగింది నేనే, మార్కులు వేసిందీ నేనే. ఆ మార్కులు చూసి మురిసిపోయి నేను చేసిన పని తలుచుకుంటే, ఇప్పటికీ నా నెత్తిన నేనే ఒక మొట్టికాయ వేసుకోవాలనిపిస్తుంది.

మాది కళ్యాణదుర్గానికి ఆటోలో అరగంట దూరంలో ఉన్న పల్లె. అమ్మానాయనలకు నేనొక్కదాన్నే. అందుకని మా అత్త కొడుకునే తెచ్చి నాకు కట్టబెట్టి ఇల్లరికం పెట్టుకున్నారు. ఆయన షేర్ ఆటో నడుపుతాడు. పొద్దున తొమ్మిదికి పదిమందిని కుక్కుకొని కళ్యాణదుర్గం పోతాడు. ఆ పదిమందిలో నేనొకదాన్ని. నా దగ్గర చార్జీ తీసుకోడు గానీ, దారిలో డబ్బులిచ్చే మనిషి ఎదురైతే నన్ను దింపేసి వెనక బస్సులో రమ్మంటాడు.

నేను పనిచేసేది బస్టాండు దగ్గర మేడమీద ఉన్న ఒక చిన్న ఆఫీసులో. జనం తమ డబ్బు ఎక్కడ పెడితే ఎంత రావచ్చో, ఎంత పోవచ్చో చెప్పి, మ్యూచువల్ ఫండ్లలో పెట్టించడం మా పని. దానికో పరీక్ష ఉంది. రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, పాసైనప్పటినుంచి నాకు నోరు ఊరుకునేది కాదు. టమోటాలు కొనబోయినా రిస్కు అనేదాన్ని, చీర బేరం చేసినా రాబడి అనేదాన్ని. ఒకరోజు చింతకాయలు ధర పడ్డాక కొనడం మంచిదా, ముందే కొనడం మంచిదా అని అమ్మకు పావుగంట చెప్పాను. అమ్మ అంతా విని, ఊరగాయ పెట్టాలా వద్దా, అది చెప్పి చావమంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే గాలిమరల కంపెనీ వచ్చింది. మా వైపు వాటిని ఫ్యాన్లంటారు. గుట్టమీద మాకు మూడెకరాలు ఉండేవి. పేరుకు చేనే గానీ, అందులో పండిన గింజలకన్నా ఏరిపారేసిన రాళ్లు ఎక్కువ. ఆ మూడెకరాల్లో ఒక ఫ్యానూ, దానికి దారీ వస్తాయని కంపెనీ వాళ్లు కొనుక్కున్నారు. రొట్టె విరిగి నేతిలో పడింది. మా బతుక్కి దుమ్ము తప్ప ఏమీ తెచ్చిపెట్టని గాలి మొదటిసారి డబ్బు తెచ్చిపెట్టింది. కింద వంక పక్కనున్న నాలుగెకరాలు మాకు మిగిలాయి.

డబ్బు బ్యాంకులో పడిన సాయంత్రం నాయన నన్ను అరుగుమీద కూర్చోబెట్టి ఒకే ఒక మాట చెప్పాడు.

"పాపా, ఈ దుడ్లతో మేడలొద్దు, నగలొద్దు. నేనుండే వరకూ ఇత్తనం పొద్దుకు మండీ కాడ నిలబడే పని లేకుండా చెయ్యి. ఇంగేం అడగను నిన్ను."

ఇంకేం అడగనన్నాడు గానీ, అది చిన్న కోరిక కాదు. వేరుశనగ బాగా పండిన ఏడు మా కాయలే మాకు విత్తనం. పండని ఏడు ఇంట్లో గింజ ఉండదు, మాకు పండని ఏళ్లే ఎక్కువ. సబ్సిడీ కాయలు తెచ్చుకోవాలన్నా మన వాటా ముందు కట్టాలి. కాబట్టి ఆరుద్ర కార్తె వచ్చేసరికి కళ్యాణదుర్గంలో మండీకి పోవాల్సిందే. మండీ యజమాని రొక్కం అడక్కుండా విత్తనం ఇస్తాడు. బదులుగా పండిన పంట ఆయనకే తోలాలి, ఆయన చెప్పిన ధరకే ఇవ్వాలి.

ధర సంగతి అలా ఉంచితే, నాయనను లోపల కోసేది ఆ నిలబడడం. అక్కడ దానికో పద్ధతి ఉంది. చెప్పులు బయట విడవాలి. తలగుడ్డ తీసి భుజాన వేసుకోవాలి. లోపల గోడవారగా నిలబడాలి. యజమాని తలెత్తి "ఏమప్పా" అనే వరకూ వచ్చిన పని చెప్పకూడదు. ఒక్కోసారి పొద్దున్నే పోయినవాడిని మధ్యాహ్నానికి చూసేవాడు. పక్కన బల్ల ఖాళీగానే ఉంటుంది. విత్తనానికి వచ్చినవాళ్లు దానిమీద కూర్చోరు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు, కూర్చోమని కూడా ఎవరూ అనలేదు. నలభై ఏళ్లుగా నాయన ఆ గోడవారగా నిలబడుతూనే ఉన్నాడు. మండీకి పోయివచ్చిన రోజు ఆయన ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే, అదెంత పని నాయనా అన్నాను. పరీక్ష పాసైనదాన్ని కదా మరి.

డబ్బొచ్చిందన్న కబురు ఊరంతా పాకింది. సలహాలిచ్చేవాళ్లకు అమ్మ టీ పెట్టలేక చచ్చింది. దూరపు చుట్టం ఒకాయన బెంగళూరు రోడ్డులో ప్లాటు కొనమని, మమ్మల్ని కారులో తీసుకుపోయి చూపించాడు. ఒక ఆర్చీ, నాలుగు తెల్లరాళ్లు, కనుచూపు మేర ముళ్లకంప. నాయన కాలి బొటనవేలితో మట్టి గీరి చూసి, దీంట్లో జొన్న కూడా మొలవదన్నాడు. ప్లాట్లలో జొన్నలు వేయరని ఆ చుట్టం ఎంత చెప్పినా, మొలవని నేలకు అంత ధర ఎందుకో నాయనకు అర్థం కాలేదు. మేం తిరుగు ప్రయాణంలో బస్సుకే వచ్చాం.

బంగారం మాట వచ్చినప్పుడు అమ్మ తన బోసి మెడ చూపించింది. మా ఆయన రెండో ఆటో కొంటే ఎంత లాభమో చెప్పబోయి, మొదటి ఆటో బాకీ గుర్తొచ్చి మధ్యలో ఆపేశాడు. బోరు వేయమన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాట వింటేనే అమ్మ చీపురు అందుకునేది, ఎందుకంటే అమ్మ కమ్మలూ గాజులూ అప్పటికే రెండు ఎండు బోర్లలో ఉన్నాయి.

నాయనకు నచ్చింది ఒక్కటే, బ్యాంకు డిపాజిట్టు. ఏడాదికి కట్టి, విత్తనం పొద్దుకు కావాల్సింది తీసుకొని, మిగతాది మళ్లీ కడదామన్నాడు. నేను నవ్వాను. విత్తనాల ధర ఏటేటా పెరిగే వేగానికి ఆ వడ్డీ చాలదని, పదేళ్లకు ఇదే డబ్బుతో సగం చేనుకే విత్తనం వస్తుందని కాగితంమీద గీసి చూపించాను. అది అబద్ధం కాదు. నాయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నువ్వు చదివినదానివి, నీకే తెలియాలన్నాడు. ఆ మాటతో నాకు ఇంకో రెండు అంగుళాలు ఎత్తు పెరిగినట్టయింది.

మా ఆఫీసులో ఎవరి డబ్బు తీసుకోవాలన్నా ముందు ఒక ఫారం నింపాలి. పది ప్రశ్నలుంటాయి. ఆ మనిషి ఎంత నష్టాన్ని తట్టుకోగలడో తేల్చడానికి. ఒక్కో జవాబుకు కొన్ని మార్కులు. మొత్తం కూడితే ఆ మనిషి అతి జాగ్రత్తపరుడో, తెగించేవాడో, మధ్యలోవాడో తెలిసిపోతుంది. దాన్నిబట్టి డబ్బు ఎక్కడ పెట్టాలో కంప్యూటరే చెబుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవాలని, ఒక ఆదివారం ఫారం ఇంటికి తెచ్చి నాయన ముందు కూర్చున్నాను. నాయన తాడు పేనుతున్నాడు. చేతిపని ఆపకుండానే జవాబులు చెప్పాడు.

మీ పెట్టుబడిలో ఒక్క ఏడాదిలోనే ఐదో వంతు పోతే మీకు ఎలా ఉంటుంది అని అడిగాను.

"నాలుగు వంతులు మిగిల్తాది గదా," అన్నాడు. "అది మంచి ఏడే."

సగం పోతే? అంతా తీసేసుకుంటారా, ఆగి చూస్తారా, మళ్లీ పెడతారా?

"మల్లా ఏస్తాం. ఏయకుంటే యేం చేస్తాం?"

గతంలో ఎప్పుడైనా మీ పెట్టుబడి మొత్తం పోయిందా అన్నది ఇంకో ప్రశ్న. నాయన తాడు పక్కన పెట్టి వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికి వచ్చాక, లోపల్నుంచి అమ్మ బోర్లు కూడా లెక్కేస్తున్నావా అని అడిగింది. బోర్లు మర్చిపోయానని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. నేను నవ్వుతూ చివరి గడిలో టిక్కు పెట్టాను.

మర్నాడు ఆఫీసులో మార్కులు కూడితే ఒక్కటి కూడా పోలేదు. మా మేనేజరు తన చేత్తో ఇంకోసారి కూడి చూశాడు. బెంగళూరులో ఉద్యోగాలు చేసే పాతికేళ్ల పిల్లలకు కూడా ఇన్ని రావని, మీ నాయన పులి అని అన్నాడు. వయసు గడి దగ్గర కంప్యూటరు ఒక ఎర్ర గుర్తు వేసింది. డెబ్బై దాటినవాడికి ఇంత ధైర్యమేమిటని దాని అనుమానం. అలాంటప్పుడు వేరే కాగితంమీద సంతకం తీసుకోవాలి. తీసుకున్నాను. పులికూతురినని గర్వంగా డబ్బంతా షేర్ల ఫండులో పెట్టించాను. విత్తనం పొద్దుకు ఇంకా ఎనిమిది నెలలుంది, అప్పటికి పెరిగిన దాంట్లోంచి విత్తనానికి తీస్తే అసలు కదలదు అన్నది నా లెక్క.

చలికాలమంతా ఆ లెక్క దివ్యంగా నడిచింది. మార్కెట్టు రోజూ కొంత ఎక్కేది. సాయంత్రం నేను ఆటో దిగగానే నాయన అడిగే మాట ఒకటే, చేనులో తడి సంగతి అడిగినట్టే, ఈ పొద్దు పదును ఎట్లుందని. బాగుంది అంటే తలాడించి గొడ్లకు నీళ్లు పెట్టడానికి పోయేవాడు. ఊళ్లో నాకు కొంచెం పేరు కూడా వచ్చింది. ఇద్దరు ముగ్గురు తమ డబ్బు కూడా చూడమన్నారు. మా ఆయన ఆటోలో నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ ఏడు చేనులో మాత్రం కాయ నిలవలేదు. పొట్టు మిగిలింది, విత్తనానికి గింజ మిగల్లేదు. అయినా నాకు దిగులు లేదు.

వేసవిలో మార్కెట్టు పడింది. ఎందుకు పడిందో టీవీలో కోట్లు తొడుక్కున్నవాళ్లు రోజంతా చెప్పారు. ఒకరు చెప్పినదానికీ ఇంకొకరు చెప్పినదానికీ పొంతన లేదు. మే నెల పోయేసరికి నాయన డబ్బులో పావు వంతుకు పైగా కనపడకుండా పోయింది. భయపడుతూ చెప్పాను. నాయన మజ్జిగ తాగి, ఎండలు కదా, ఎండలప్పుడు అన్నీ వాడతాయి అన్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. చూశావా, ఫారం అబద్ధం చెప్పదు, మా నాయన పులే అనుకున్నాను.

ఆరుద్ర కార్తెలో ఒక బుధవారం సాయంత్రం వాన పడింది. అలాంటి వాన మా పల్లె చూసి చాలా ఏళ్లయింది. గాలీ దుమారం ఏమీ లేకుండా, తీరిగ్గా, నేల తాగినంత పోసింది. గురువారం తెల్లారేసరికి నాయన చేనుకు పోయి మట్టి ముద్ద పట్టుకొచ్చి నా అరచేతిలో పెట్టాడు. విత్తడానికి సరిపోయే తడిని మేం పదునంటాం. మా ఎర్రనేలల్లో అది మూడు రోజులు, మహా అయితే నాలుగు రోజులు నిలుస్తుంది. ఆ తరువాత వేసిన గింజ వేసినట్టే ఉంటుంది.

విత్తనానికి కావాల్సినంత తీసిపెట్టమన్నాడు నాయన. నేను తీయనన్నాను.

నా కారణాలు నాకున్నాయి. మార్కెట్టు కింద ఉన్నప్పుడు తీస్తే నష్టం ఖాయమైపోతుంది. తీయకుండా ఆగితే అది కాగితంమీది నష్టమే. మళ్లీ లేచినప్పుడు తీసుకుంటే ఒక్క రూపాయి కూడా పోదు. పరీక్షలో రాసిన పాఠాన్ని గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాను. నాయన ఓపిగ్గా అంతా విన్నాడు. ఎన్నాళ్లు ఆగాలని అడిగాడు. ఏడాది పట్టొచ్చు, రెండేళ్లు పట్టొచ్చు అన్నాను.

"పదును ఆగదు గదమ్మా," అన్నాడు.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ఆటో ఎక్కాను. ఆ రోజంతా ఆఫీసులో మార్కెట్టు వైపు చూస్తూ కూర్చున్నాను, అది నాకోసం రెండు రోజుల్లో లేచి వస్తుందన్నట్టు. అది ఇంకొంచెం కిందికి పోయింది. శుక్రవారం పొద్దునకు మా చుట్టూ ఉన్న చేలన్నిటిలోనూ విత్తనాలు వేసే గొర్రులు తిరుగుతున్నాయి. మాది మాత్రం ఖాళీగా ఉంది. నాయన గొర్రు బయటికి తీసి, కడిగి, ఎండబెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు.

అమ్మకు అంత ఓర్పు లేదు.

"నీ మార్కెట్టు లేసే వరకూ ఆ తడిని మూట గట్టి అటకమీద పెట్టేదా?" అంది. "ఆయప్ప నిన్ను ఒకటే అడిగినాడు. ఆ ఒకటీ నీతో కాలేదు."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. శుక్రవారం మధ్యాహ్నం నా పంతం వదులుకొని, డబ్బు వెనక్కి తీసే కాగితం పెట్టాను. మేనేజరు గడియారం చూసి, మూడు దాటిపోయింది కదా అన్నాడు. మూడు దాటితే అది మర్నాటి లెక్కలోకి పోతుంది. మర్నాడు శనివారం, ఆ పైన ఆదివారం. అంటే సోమవారం లెక్క. అమ్మకం జరిగి డబ్బు నాయన ఖాతాలో పడేసరికి బుధవారం. ఇదంతా నాకు తెలియనిది కాదు. పరీక్షలో ఈ ప్రశ్నకు నేను సరిగ్గానే జవాబు రాశాను.

ఇంటికొచ్చి బుధవారం అని చెప్పాను. నాయన వేళ్లు మడిచి చూసుకున్నాడు. అప్పటికి నేల ఆరిపోతుందని మాత్రం అన్నాడు. తాకట్టు పెడదామంటే మా ఇంటి బంగారం కొంత బోర్లలో, మిగిలింది ఆటోలో ఉంది. అమ్మకు ఉన్న నాలుగు గొర్రెలూ చూలుతో ఉన్నాయి, వాటిని ఎవరూ అమ్మరు. మా ఆయన తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. వాన అందరికీ పడింది, అందరికీ విత్తనం పొద్దే, ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. నాయన నన్ను అన్నం తిని పడుకోమన్నాడు.

శనివారం నేను లేచేసరికి ఆయన ఇంట్లో లేడు. చేనుకు పోయి ఉంటాడనుకున్నాను. తొమ్మిదికి ఎప్పటిలాగే ఆటో ఎక్కాను. కళ్యాణదుర్గంలో మండీల వీధి మీదుగా పోతుంటే మా ఆయన ఆటో స్పీడు తగ్గించాడు. నా వైపు చూడలేదు. నేను బయటికి చూశాను. మండీ గుమ్మం ముందు చెప్పులున్నాయి. ఒకదాని పట్టీ తెగితే ఎర్ర వైరుతో కట్టింది నేనే. లోపల గోడవారగా నాయన, భుజంమీద తలగుడ్డ.

ఆటో దిగి లోపలికి పోయాను. ఎందుకు పోయానో, పోయి ఏం చేద్దామనుకున్నానో నాకు తెలియదు. యజమాని చిట్టా చూసుకుంటున్నవాడు తలెత్తాడు. నన్ను చూసి మొహం విప్పారింది. ఆయన నాకు తెలుసు. ఆర్నెల్ల కిందట మా ఆఫీసుకొస్తే ఆయన ఫారం నింపింది నేనే.

"రామ్మా, కూర్చో, కూర్చో," అంటూ బల్ల చూపించాడు.

నేను నిలబడే ఉన్నాను. ఆయన మళ్లీ కూర్చోమన్నాడు. ఈసారి నాయన మెల్లగా అన్నాడు.

"కూర్చో పాపా. నిన్నే అంటాండాడు."

నేను పోయి నాయన పక్కన గోడవారగా నిలబడ్డాను. యజమాని కాసేపు మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి, ఈయప్ప మీ నాయనా అని అడిగాడు. నలభై ఏళ్లుగా చూస్తున్న మనిషే. చెడ్డవాడని చెప్పను. వెంటనే గుమాస్తాను పిలిచి విత్తనం తూయించాడు, టీ తెప్పించాడు. నేను ఆలోచిస్తున్నది ఆయన ఫారం గురించి. ఐదో వంతు పోతే మీకు ఎలా ఉంటుంది అని అడిగితే, అమ్మో నిద్ర పట్టదమ్మా అన్నాడాయన. మూడు మండీలు, రెండు మేడలు, ఊరవతల తోట ఉన్న ఆ మనిషి మా కంప్యూటరు లెక్కలో అతి జాగ్రత్తపరుడు. ఆయన డబ్బంతా షేర్ల జోలికి పోని భద్రమైన ఫండ్లలో పెట్టించింది నేనే. ఆయన ముందు చెప్పులు విడిచి నిలబడిన మా నాయన డబ్బును షేర్లకు తోలిందీ నేనే.

న్యాయంగా ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ తరువాత మార్కెట్టు లేచింది. ఏడాది తిరిగేసరికి పోయిందంతా వచ్చింది, ఇంకొంత ఎక్కువే వచ్చింది. నా పాఠంలో తప్పు లేదు. ఇప్పుడు రెండు విత్తనాల పొద్దులకు సరిపడే డబ్బు బ్యాంకు డిపాజిట్టులో ఉంటుంది, దాన్ని నేను ముట్టుకోను. మిగిలింది ఫండులో ఉంటుంది, దాన్ని నాయన ముట్టుకోడు. మా ఆయన మాత్రం రెండింటినీ ముట్టుకోవాలని అప్పుడప్పుడూ రెండో ఆటో బొమ్మలు చూపిస్తుంటాడు. ఆ ఏటినుంచి నాయన విత్తనం కోసం మండీ గుమ్మం తొక్కలేదు. కానీ అప్పుడు తొక్కిన ఆ ఒక్క రోజునూ ఏ లాభమూ వెనక్కి తీసుకురాలేదు.

విత్తనం వచ్చిన మర్నాడు ఆదివారం తెల్లవారుజామునే గొర్రు కట్టాం. అందరి చేలల్లో పని కాబట్టి కూలికి ఒక్క మనిషే దొరికింది. రెండో మనిషిగా నేను పోయాను. నాయన ఎద్దుల్ని తోలుతున్నాడు. కూలామె గొర్రు పక్కన నడుస్తూ వేరుశనగ విత్తనం వదులుతోంది. గొర్రు వెనక తాడుతో కట్టిన వెదురు గొట్టం పట్టుకొని, పది సాళ్లకొకసారి కంది గింజలు వదలడం నా పని. కంది అయ్యాక ఇంకోచోట అలసందలు, గట్టు వెంబడి ఆముదాలు. వేరుశనగ ఎండితే కంది నిలుస్తుంది, కంది పోతే ఆముదమైనా మిగులుతుంది. నేను పుట్టినప్పటినుంచి ఆ చేనులో అలాగే వేస్తున్నారు. ఒక్కటే పంట వేసిన ఏడు నాకు గుర్తులేదు. నా జీవితమంతా చూసిన సంగతే అయినా, చేతిలో కంది గింజలు పట్టుకొని నడుస్తున్న ఆ పొద్దున్నే అది మొదటిసారి నాకు కనిపించింది.

మిట్టమధ్యాహ్నం ఎద్దుల్ని విప్పి గట్టుమీద కూర్చున్నాం. కూలామె నీళ్లకు పోయింది. నేను ఉండబట్టలేక నాయనను అడిగేశాను. నాలుగెకరాల చేనులో ఇంత జాగ్రత్తగా నాలుగు రకాలు కలిపి వేసేవాడివి, ఆ ఫారం నింపేటప్పుడు సగం పోయినా మళ్లీ వేస్తానని, ఐదో వంతు పోతే మంచి ఏడేనని ఎందుకు చెప్పావు అని. నా గొంతులో కొంచెం కోపం కూడా ఉంది. తప్పు ఆయన జవాబుల్లో ఉందని తేలితే నాకు కాస్త సులువుగా ఉండేది.

నాయన నా మొహంలోకి చూశాడు. ఆయన గొంతులో కోపం లేదు, ఎకసెక్కం లేదు.

"పోతే ఓర్చుకుంటావా అని అడిగినావు. ఓర్చుకుంటా అంటి. నలభై ఏండ్లు ఓర్చుకున్నోన్ని, లేదని యెట్ల చెప్తా? పోగొట్టుకోవాలని ఉండాదా అని నువ్వు అడగలే పాపా."

నాకు ఏడుపొచ్చింది. చూడనట్టు నాయన లేచి, తలగుడ్డ చుట్టుకొని, ఎద్దుల్ని తేవడానికి పోయాడు. తడి ఆరకముందే ఇంకో ఎకరమన్నా వేయాలి. నేను కంది మూట నడుముకు కట్టుకొని గొర్రు వెనక నిలబడ్డాను.